ఐదో కప్పులో పులుపు

కాఫీ రుచి చూడడమంటే హాయిగా కూర్చుని తాగడం అనుకునేవాళ్ళు ఆ గదిలోకి ఒక్కసారి తొంగిచూడాలి. పొద్దున్నే ఆరుగురు మనుషులు తెల్లకోట్లు తొడుక్కుని, పొడుగాటి బల్ల చుట్టూ నిలబడి, చెంచాలతో జుర్రుతూ ఉంటారు. మర్యాదగా జుర్రడం కాదు, తూము తెరిచినట్టు చప్పుడు రావాలి. అలా జుర్రితేనే కాఫీ నోరంతా తుంపరగా చిమ్మి, వాసన గొంతు వెనకనుంచి ముక్కుకెక్కుతుంది. నాలుక్కి తెలిసేది పులుపూ తీపీ చేదూ, అంతే. మిగతా వైభోగమంతా ముక్కుదే. జుర్రాక మింగరు. చేతిలో పట్టుకున్న డబ్బాలోకి ఉమ్మేసి పక్క కప్పుకి జరుగుతారు. అంత మంచి కాఫీని అంత అసహ్యంగా తాగేవాళ్ళు ఇంకెక్కడా కనబడరు.

ఆ ఆరుగురిలో ఒకమ్మాయి బల్ల దగ్గర చేరిన కొత్తలో చప్పుడు లేకుండా జుర్రేది. ఇంట్లో అలా పెంచారు మరి. "పిల్లి పాలు తాగినట్టు తాగుతుందేంటయ్యా ఈ అమ్మాయి!" అన్నాడు పెద్దాయన. మిగతా నలుగురూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పూటకే ఆమె పేరు పిల్లి అయిపోయింది. తర్వాత ఎంత గట్టిగా జుర్రినా ఆ పేరు మాత్రం వదల్లేదు.

పెద్దాయన అంటే ఆ బల్లకి పెద్ద. తోటల నుంచి వచ్చిన ప్రతి సరుకూ ఆయన నోటి మీదుగా పోవాల్సిందే. బాగుందన్నాడా, ఆ సరుకు లేతగా వేగి, తోటవాళ్ళ సొంత పేరున్న సంచిలోకెక్కి, కొట్లలో అద్దాల వెనక దర్జాగా నిలబడుతుంది. బాగాలేదన్నాడా, కింది అంతస్తులో ఉన్న పెద్ద డ్రమ్ములోకి పోతుంది. అక్కడ నానా తోటల గింజలూ కలిపి, నల్లబడి నూనె తేలేదాకా వేపుతారు. అలా వేగాక ఏ గింజ ఏ కొండదో పుట్టించిన దేవుడు కూడా పోల్చుకోలేడు. "లేతగా వేపితే గింజ తన ఊరు చెప్తుంది. ముదరబెడితే నిప్పు మాట్లాడుతుంది, గింజ నోరు మూసుకుంటుంది," అని ఆయనే పిల్లికి పాఠం చెప్పాడు. ఆ రోజుల్లో ఆయన నిజంగానే గొప్పవాడు. పొడి వాసన చూసి, ఆ చెట్టు కొండకి పొద్దుటెండ పడే వైపు ఉందో, సాయంత్రపుటెండ పడే వైపు ఉందో చెప్పేసేవాడు. చాలాసార్లు అది నిజమయ్యేది.

ఆ బల్లకో కట్టుబాటు ఉంది. బల్లకి ఒకటే నోరుండాలి అంటారు. ఎవరి మార్కులు వాళ్ళు కాగితం మీద వేసుకున్నాక పెద్దాయన తన మార్కు చెప్తాడు. దానికి మరీ దూరంగా వేసినవాళ్ళకి ఒక తేడా పడినట్టు. మూడు తేడాలు పడితే వాళ్ళ చెంచా లాక్కుని గోడకున్న మేకుకి తగిలిస్తారు, మనిషిని ఇంటికి పంపేస్తారు. గోడ మీద అలాంటి చెంచాలు వరసగా వేలాడుతుంటాయి. "అవి చెంచాలు కావు పిల్లీ, సమాధులు," అనేవాడు పక్కన నిలబడే బొంగురాయన. గొంతు బొంగురు కాబట్టి ఆయనకా పేరు. మార్కులు ముందే వేసుకోవాలన్నది పేరుకే. అందరూ పెద్దాయన కనుబొమ్మల మీద ఓ కన్నేసి ఉంచి వేసేవాళ్ళే.

ఇలా ఉండగా పెద్దాయనకి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కుని కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, బహుశా తనకి తాను కూడా చెప్పుకోలేదు. బల్ల దగ్గరకొచ్చి మామూలుగానే జుర్రాడు, మామూలుగానే ఉమ్మాడు. బయటపడింది సబ్బు వల్ల. కప్పులు కడిగే ఆవిడ ఒకదాంట్లో నురగ వదిలేసింది. వేడినీళ్ళు పొయ్యగానే ఆ కప్పు బట్టలుతికే తొట్టి కంపు కొట్టింది. పెద్దాయన దాన్ని జుర్రి, కళ్ళు మూసుకుని, "చేదు నిండుగా ఉంది. మంచి బరువు," అన్నాడు. కాసేపటికి బొంగురాయన గొంతు సవరించుకుని, "అవునండీ, మంచి బరువు," అన్నాడు. తర్వాత మిగతా ముగ్గురూ అన్నారు. ఆఖర్న పిల్లి కూడా అంది. నోట్లో సబ్బు పెట్టుకుని తలలాడించారు ఆ దద్దమ్మలంతా.

ఇక అక్కణ్ణించి చూడాలి తమాషా. ముక్కు లేని మనిషికి పైకొండల కాఫీలో ఏం మిగుల్తుంది? అందులో ఉండే పువ్వూ పండూ తేనే అన్నీ వాసనలే. వాసన పోతే మిగిలేది ఉత్త పులుపు. చేదు మాత్రం నాలుక్కి పట్టుబడుతుంది. అందుకని పల్లపు తోటల మొద్దు గింజ ఆయనకి మంచి గింజ అయింది, మాడ్చి వేపడమే గొప్ప పనితనం అయింది. "జనం నోరు మారిందండీ, ముదురు కోరుతున్నారు," అని యజమానికి చెప్పాడు. యజమాని నమ్మి, వీధి గోడల నిండా నల్లటి కాఫీ బొమ్మలు వేయించాడు. చూస్తుండగానే జనం నోరు నిజంగానే మారిపోయింది. లేత కాఫీ ఇస్తే, "ఇదేంటండీ, కడుగునీళ్ళా?" అని వెనక్కిచ్చేవాళ్ళు. ఒక ముసలాయనకి ముక్కు పోతే ఊరంతా మాడుకాఫీ తాగుతోందని ఐదుగురికే తెలుసు. ఆ ఐదుగురూ నోరు మెదపలేదు. మధ్యలో పిల్లి మాత్రం రెండుసార్లు మనసు చంపుకోలేక పైకొండ కాఫీలకి మంచి మార్కులు వేసింది. రెండు తేడాలు పడ్డాయి.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాలి. పిల్లికి అక్క ఒకతే, తల్లి తర్వాత తల్లి. బావకి పైకొండలో తోట ఉంది. తోట పై అంచున అక్క తన చేత్తో నారు పోసి, నీళ్ళు మోసి పెంచిన చెట్లు కొన్ని ఉన్నాయి. ఏటా వాటి గింజ కూడా మిగతా వాటితో కలిసి డ్రమ్ముకే పోయేది. పెద్దాయనకి జ్వరం రాకముందు, ఓ సెలవులకి వెళ్ళినప్పుడు పిల్లే అక్కని ఎగదోసింది.

"ఎర్రగా పండినవే కొయ్యక్కా. కోసిన రోజే తొక్క తీయించు, కుప్పపోసి వదిలేశావంటే పులుస్తాయి. నేల మీద కాదు, వల మంచాల మీద ఆరబొయ్యి. నీ పేరుతో సంచి రాకపోతే అప్పుడు నన్నడుగు."

బావకి అది నచ్చలేదు. "ఆ చెట్లకంత చాకిరీ దేనికి? కొట్టేసి కలప మొక్కలు పెడతాను," అన్నాడు. మొగుడూ పెళ్ళాలు నానా మాటలూ అనుకున్నారు. ఆఖరికి ఒక ఒప్పందానికొచ్చారు. ఈ ఒక్క పంట చూద్దాం. సొంత పేరుతో సంచి వస్తే చెట్లుంటాయి. డ్రమ్ముకి పోతే గొడ్డలి పడుతుంది.

అక్క ఒళ్ళు హూనం చేసుకుంది. ఒక్కో కొమ్మ దగ్గరికీ నాలుగైదుసార్లు వెళ్ళి పండినవి పండినట్టు ఏరింది. ఈలోపు ఇక్కడ పెద్దాయన ముక్కు పోయిన సంగతి పిల్లికి తెలుసు. అక్కకి చెప్పాలని ఫోన్ తియ్యడం, ఆయనకి నయమవుతుందిలే అనుకుని పెట్టెయ్యడం, ఇదే వరస. పంట చేతికొచ్చాక అక్క ముందుగా ఓ చిన్న పొట్లం చెల్లెలికి పంపింది. పిల్లి దాన్ని ఇంట్లో ఇనప మూకుట్లో లేతగా వేపుకుంది. వంటింట్లో నారింజ పువ్వు పూసింది. తాగితే ఎండుద్రాక్ష, ఆఖర్న తేనె. ఇన్ని వేల కప్పులు ఉమ్మిన మనిషి ఆ కప్పు చివరి చుక్కదాకా మింగింది. అక్కని తలుచుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫోన్ మాత్రం చెయ్యలేదు, సరుకు బల్ల మీదకొచ్చాకే చెప్దాంలే అనుకుంది.

సరుకు బల్ల మీదకొచ్చే రోజు రానే వచ్చింది. కప్పుల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. పొడి మీద వేడినీళ్ళు పోసి, పైన తెట్టు కట్టేదాకా ఆగి, ఒక్కొక్కరే వంగి చెంచాతో తెట్టు విరగ్గొట్టి వాసన చూస్తారు. నాలుగు కప్పులు మామూలుగా గడిచాయి. ఐదో కప్పు తెట్టు విరిగేసరికి పిల్లి ఠక్కున పోల్చుకుంది. నారింజ పువ్వు. అక్క చెట్లు. బొంగురాయన కూడా ఆ కప్పు మీదకి వంగి, మిగతా కప్పుల దగ్గరకంటే ఎక్కువసేపు ఉండిపోయాడు. లేచినప్పుడు ఆయన మొహంలో ఓ వెలుగు కనిపించింది. అది గబుక్కున ఆర్పేసుకున్నాడు.

పెద్దాయన జుర్రాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

పిల్లి చేతిలో పెన్సిలు ఉంది. పైమార్కు వేస్తే మూడో తేడా, రేపణ్ణించి ఇంట్లో కూర్చోవాలి. ఆమెకి ఈ జుర్రడం, ఉమ్మడం తప్ప ఇంకో పని రాదు. తనొక్కతే వేస్తే పిచ్చిది అవుతుంది. ఇంకొక్కరు కూడా వేస్తే? బొంగురాయన వైపు చూసింది. ఆయన తన ఉమ్మి డబ్బాలోకి దీక్షగా చూసుకుంటున్నాడు. పిల్లి అడుగు మార్కు వేసి పెన్సిలు కింద పెట్టింది. అక్కడితో ఆగినా పిరికిది, పోనీలే అనుకునేవాళ్ళం.

"పులుపు," అన్నాడు పెద్దాయన. "ఇది పండు పులుపు కాదు. కుప్పపోసి వదిలేస్తే పులిసిన పులుపు. ఏం పిల్లీ? నీకు పైకొండ సరుకంటే మోజు కదా, నువ్వేమంటావ్?"

అవునండీ అంటే సరిపోయేది. కానీ అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. ఆ రెండు తేడాలూ ఒక్కదెబ్బకి చెరిపేసుకోవాలనిపించింది.

"మూత పెట్టి మరిచిపోయిన గిన్నె తెరిచినట్టుందండీ. ఎవరో ఒళ్ళు వంగని మనిషి చేతి సరుకు," అంది.

బల్లంతా గొల్లుమంది. పెద్దాయన కూడా డబ్బా పక్కన పెట్టి మరీ నవ్వాడు. "ఒళ్ళు వంగని మనిషి! బాగా చెప్పావ్!" ఆ నవ్వులు వింటుంటే ఆమెకి హాయిగానే ఉంది. దాచడం దేనికి, చాలా హాయిగా ఉంది. ఇన్నేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆమె నోటి మాటకి అంతమంది నవ్వడం అదే మొదలు.

అందరూ చెంచాలు కడుక్కోవడానికి వెళ్ళారు. పెద్దాయన ఒక్కడే గోడకున్న నల్లబల్ల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. సంచికి పోయే అంకెలు ఒకవైపు, డ్రమ్ముకి పోయేవి ఒకవైపు రాస్తాడు. ఐదు ఇంకా రాయలేదు.

"పిల్లీ, ఆ తలుపు దగ్గరగా వేసి ఇలా రా."

ఆమె వెళ్ళింది. ఆయన ఐదో కప్పు చేతిలోకి తీసుకున్నాడు. కాఫీ చల్లారేకొద్దీ వాసన ఇంకా విచ్చుకుంటోంది, గది మొత్తం అదే. ఆయన కప్పులోకి ముక్కు దూర్చి పీలుస్తున్నాడు, మళ్ళీ పీలుస్తున్నాడు. ముక్కుకొసకి కాఫీ అంటుకుంది. అది కూడా చూసుకోలేదు.

"నిజం చెప్పు. నిన్నేమీ అనను, తేడా కూడా వెయ్యను. ఇందులో పువ్వు వాసన లాంటిదేమైనా ఉందా?"

అది ఉచ్చు కాదు. ఆ ముసలాయన ఎవరినీ బతిమాలి ఎరగడు. ఆ పూట ఆ గొంతులో బతిమాలుకోవడమే ఉంది. ఉందండీ అని ఒక్క మాట అంటే ఆ సుద్దముక్క సంచి వైపు రాసేది. కానీ పిల్లికి వెనక గోడ మీద చెంచాలే కనిపించాయి. ఉచ్చే అనుకుంది. ఇందాకటి నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి, వాటిని పోగొట్టుకోవడం కూడా ఇష్టం లేకపోయింది.

"లేదండీ," అంది.

"అస్సలు?"

"అస్సలు లేదండీ."

పెద్దాయన కప్పు కింద పెట్టి, భుజాలు దించి, పసిపిల్లాడిలా నవ్వాడు. "చాలా రోజుల్నించి అనుమానంగా ఉంది, ముక్కు గానీ పోయిందేమో అని. నిద్ర పట్టట్లేదనుకో. అయితే బాగానే ఉందన్నమాట!" అని డ్రమ్ము వైపు ఐదు రాసేశాడు. మర్నాటి నుంచి పిల్లిని తన కుడిపక్కన నిలబడమన్నాడు. ఆ చోటు అంతవరకూ బొంగురాయనది. "నువ్వు పైకొస్తావ్ పిల్లీ," అని బొంగురాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు.

ఆ వారంలోనే అక్క దిగింది. ఎప్పుడూ వస్తూనే ఇల్లు సర్దలేదనీ, చిక్కిపోయావనీ తిట్టే మనిషి, ఆ రోజు సంచీ భుజాన్నుంచి దించకుండా వంటింటి స్టూలు మీద కూర్చుండిపోయింది. అరచేతుల నిండా పళ్ళు కోసిన గాట్లు, గోళ్ళ కింద నల్లటి మరకలు.

"డ్రమ్ముకి పంపేశామని కబురొచ్చిందే చిట్టీ. మీ బావ గొడ్డలి బయటికి తీశాడు. నేనే ఆపి వచ్చాను. మా చెల్లెలి నోటితో వినేదాకా ఒక్క చెట్టు మీద కూడా చెయ్యి వెయ్యద్దన్నాను. నువ్వు బాగుందంటే చాలట, ఇంకో ఏడు చూద్దాం అన్నాడు. నా మొహం చూసి చెప్పు. నువ్వు తాగావా?"

"తాగాను."

"ఎలా ఉంది మరి?"

ఇక్కడ గోడ లేదు, మేకు లేదు. పెద్దాయన లేడు. బాగుందక్కా, మా ముసలాడికి ముక్కు లేదు అని చెప్తే ఒక్క చెట్టు కూడా పడదు. కానీ అక్క తర్వాత ఏమడుగుతుందో పిల్లికి తెలుసు. మరి నువ్వేం చేశావే అక్కడ నిలబడి? ఏమన్నావ్? ఆ ప్రశ్నకి జవాబు అక్క మొహంలోకి చూస్తూ చెప్పడం ఆమె వల్ల కాదు. చెట్లు పోయినా ఫరవాలేదు గానీ అక్క దగ్గర చెడ్డదాన్ని కాకూడదు అనుకుంది. అంత లెక్కా అరక్షణంలో అయిపోయింది.

"పులిసిందక్కా," అంది.

అక్క ఏడుస్తుందనుకుంది, అరుస్తుందనుకుంది. అక్క ఆ రెండూ చెయ్యలేదు. చేతులు చూసుకుంటూ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది.

"ఒకరోజు సాయంత్రం వాన పడింది. తొక్క తీసే మిషను కాసేపు ఆగిపోయింది. కాసేపే. పళ్ళ మీద పట్టా కప్పి పక్కనే కూర్చున్నాను. అదే అయ్యుంటుంది కదూ?"

కాసేపటికి ఏ పండూ పులవదు. ఆ ముక్క పిల్లి నాలుక చివరిదాకా వచ్చింది.

"అదే అయ్యుంటుంది," అంది.

"ఇంకొంచెం గింజ తెచ్చాను. వేపి ఓ కప్పు చేసివ్వు. ఆ పులుపు ఎక్కడుందో చూపించు. నాకు తెలియాలి కదా."

పిల్లి మూకుడు పొయ్యి మీద పెట్టింది. గింజ చిటపటమనగానే దించేసి, విసనకర్రతో విసిరి చల్లార్చి, పొడి కొట్టింది. నీళ్ళు పొయ్యగానే నారింజ పువ్వు గుప్పుమంది. రెండు కప్పుల్లో పోసింది. ఇదెక్కడ పులిసిందే నీ మొహం, అని అక్క ఒక్క తిట్టు తిడితే బాగుండునని దేవుళ్ళందరికీ మొక్కుకుంది. తను చెప్పలేని నిజాన్ని అక్క నాలుకే చెప్పెయ్యాలని ఆశపడింది.

అక్క ఒక గుక్క తాగింది. మొహం విప్పారింది, పెదవుల మీదకి నవ్వు రాబోయింది. అంతలోనే సర్దుకుని, తప్పు చేసిన పిల్లలా కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగింది. నోట్లో అటూ ఇటూ తిప్పి వెతుక్కుంది. నుదురు ముడిపడింది.

"ఉందే," అంది నెమ్మదిగా. "అవును, ఉంది. వెనకాల. మూత పెట్టిన గిన్నె వాసన. ఛీ, ఇన్నాళ్ళూ దీన్నేనా నేను బాగుంది బాగుంది అని తాగింది?"

పిల్లి చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. మూత పెట్టిన గిన్నె అన్న మాట అక్కకి తను చెప్పలేదు. సరుకు ఎందుకు పోయిందో తోటవాళ్ళకి రాసి పంపుతారు. బల్ల మీద తను వదిలిన మాట ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. అక్క లేచి సింకులో ఉమ్మింది. మిగతాది కూడా పారబోసి, కొంగుతో మూతి తుడుచుకుని, ఫోన్ తీసి బావకి చేసింది.

"నేనే. చిట్టి చెప్పింది. నేను కూడా తాగి చూశాను. తప్పు నాదే, ఒళ్ళు వంగలేదు, అంతే. మీరన్నట్టే కొట్టించెయ్యండి... ఆ, అన్నీ."

అవతల బావ ఎవర్నో కేకేసి పిలవడం ఇద్దరికీ వినిపించింది. అక్క ఫోన్ పెట్టేసి, చెల్లెలి పక్కకొచ్చి, బెరుగ్గా అడిగింది.

"అక్కడ నా వల్ల నీకేం మాట రాలేదు కదే?"

"లేదక్కా. అది నీదని ఎవరికీ తెలీదు."

"అమ్మయ్య," అని అక్క ఆమె తల నిమిరింది.